పసుపు రంగు చూపిన గుండె

భరణి కార్తె, మొదటి వారం

పైన యాభై రెండు డిగ్రీలు. కింద, ఎండాకాలమంతా మేం తలదాచుకునే పాత గనిలో, ముప్పై ఒకటి. బెల్టు పరీక్షకు వచ్చేవాళ్లందరూ ముందు పైన ఎండ ఎంతుందో అడుగుతారు. అది విన్నాకే బల్ల మీద కూర్చుంటారు.

ఈ రోజు మూడో గ్యాలరీ సొరంగంలో ఉండేవాళ్ల వంతు. బెల్టును ఛాతీకి చుడితే తెర మీద గుండె కొట్టుకుంటూ కనబడుతుంది. గదులు ఎంత పెద్దవయ్యాయి, కండ ఎంత బలంగా పిండుతోంది, వాల్వులు సరిగ్గా తెరుచుకుని మూసుకుంటున్నాయా, అన్నీ అదే కొలిచి చివర్లో ఒక దీపం వెలిగిస్తుంది. పచ్చదైతే ఏ మందూ అక్కర్లేదు. పసుపైతే మాత్రలు వేసుకుంటూ ఇక్కడే ఉండొచ్చు. ఎరుపైతే తెల్లవారుజామున చల్లబండి వచ్చి పట్నం ఆస్పత్రికి తీసుకుపోతుంది.

కానీ ఎరుపు అంటే ఇక్కడ ఎవరికీ ఆస్పత్రి గుర్తుకు రాదు. ఎరుపు వచ్చిన ఇంటికి వచ్చే ఎండాకాలం గనిలో జాగా ఉండదు. మిరుగం వానలు పడేదాకా పైన బతకడం ఎవరి తరం? అందుకే నా గదికి వచ్చేముందు మలుపు దగ్గర ఆగి, ఊపిరి కుదుటపడ్డాక, నవ్వు మొహం పెట్టుకుని లోపలికి వస్తారు. ఊపిరాడని మనిషిని గుర్తుపట్టడం తేలికే. ఊపిరాడుతున్నట్టు నటించే మనిషితోనే తంటా.

దుర్గం సారక్క అలాగే వచ్చింది. అరవై దాటిన మనిషి. దీపాల గ్యాలరీలో పుట్టగొడుగులు, ఆకుకూరలు పెంచుతుంది. వెనకే ఆమె భర్త పోశం. గని అంతటికీ గాలి పంపే ఫ్యాన్‌హౌస్‌లో పనిచేస్తాడు. సారక్క ఖాళీ బుట్టను కూడా ఆయనే మోసుకొచ్చాడు.

"ఎట్లున్నవ్ సారక్కా?"

"మంచిగున్న డాక్టరమ్మా. నాకేమైతది?" అని కాసేపాగి, "జర మోకాళ్లు గుంజుతయి, గంతే" అంది.

మోకాళ్ల నొప్పయితే మాట మధ్యలో ఆగదు.

తెర మీద ఆమె గుండె ఎడమ గది ఉబ్బిపోయి ఉంది. అందులో నిండిన రక్తంలో నూటికి ముప్పై వంతులే బయటికి పోతోంది. ఆరోగ్యంగా ఉంటే అరవై దాకా పోవాలి. ఒంటికి రక్తం వెళ్లే దారిలోని వాల్వు సున్నం పట్టి తెల్లగా మెరుస్తోంది. అయితే ఆ వాల్వుకు ఇవతలి వైపూ అవతలి వైపూ ఉన్న ఒత్తిడి తేడా ఇరవై నాలుగే. నలభై దాటితే గానీ యంత్రం ఎరుపు చూపదు.

పసుపు దీపం వెలిగింది. పోశం పెద్దగా ఊపిరి వదిలాడు. సారక్క లేచి బుట్ట తీసుకోబోతే ఆయన ఇవ్వలేదు.

భరణి కార్తె, రెండో వారం

ఆ ఇరవై నాలుగు నాకు మింగుడుపడలేదు. అంత సున్నం పట్టిన వాల్వు దగ్గర ఒత్తిడి తేడా అంత తక్కువ ఉండటమేమిటి? కూర కావాలన్న సాకుతో దీపాల గ్యాలరీకి వెళ్లాను.

అక్కడ కొమురమ్మ ఉంది. గనిలో వంటశాల నడిపేది ఆమే, జాగాలు తేల్చే కమిటీలో మెంబరు కూడా. ఆమె అడిగిన పాలకూర కోయడానికి సారక్క వంగింది. రెండు కట్టలు కోసి, లేచి గోడకు ఆనుకుంది. కొమురమ్మ అటు తిరిగి ఉన్నప్పుడు పోశం చకచకా మిగతావి కోసి బుట్టలో వేశాడు.

"నీకు డ్యూటీ లేదా పోశం?" అంది కొమురమ్మ.

"లేదు వదినే. ఊకె కూసునేదెందుకని చేతులాడిస్తాన."

కొమురమ్మ వెళ్లాక నేను సారక్క ముందు కూర్చుని, ఆమె కాలి చీలమండ పైన బొటనవేలితో నొక్కి పట్టాను. వేలు తీశాక కూడా గుంట అలాగే ఉండిపోయింది. మెడ నరం చెవి తమ్మె దాకా ఉబ్బి ఉంది.

"రాత్రి ఎట్ల పండుకుంటున్నవ్?"

సారక్క చీర అంచు కాళ్ల మీదికి లాక్కుంది. పోశం నేల చూస్తూ చెప్పాడు: "కూసోనే డాక్టరమ్మా. పండుకుంటె దమ్ము అందదు. బియ్యం సంచికి ఒరిగి కూసుంటది. నేను ఈపు నిమురుత."

"నిన్నెవలన్న అడిగిండ్రా?" అని సారక్క కసిరింది.

స్టెతస్కోపు పెట్టి విన్నాను. వాల్వు దగ్గర గరగర ఉంది గానీ సన్నగా ఉంది. వాల్వు మూసుకునేటప్పుడు టక్కుమని వినపడాల్సిన చప్పుడు దాదాపు లేనే లేదు.

సాయంత్రం పట్నం ఆస్పత్రి గుండె డాక్టరు ఫర్హానాతో లైను కలిసింది. కొలతలన్నీ చదివాను.

"రవళీ, ఇది రెండు రకాలుగా ఉండొచ్చు," అంది ఆమె. "వాల్వు నిజంగానే బిగుసుకుపోయి, దానితో పోరాడి పోరాడి గుండె అలిసిపోయి ఉండొచ్చు. అలిసిన గుండె గట్టిగా నెట్టలేదు కాబట్టి ఒత్తిడి తేడా తక్కువే కనిపిస్తుంది. లేదంటే జబ్బు అసలు గుండె కండలోనే ఉండొచ్చు. నెట్టే బలం లేక, ఓ మోస్తరుగా చెడిన వాల్వు కూడా పూర్తిగా తెరుచుకోదు."

"మొదటిదైతే?"

"కొత్త వాల్వు వెయ్యాలి. ఛాతీ కొయ్యక్కర్లేదు, తొడ రక్తనాళంలోంచి పంపిస్తాం. ఆలస్యం చేస్తే మాత్రం మనిషి వారాల్లో పోతుంది. రెండోదైతే వాల్వు మార్చినా పెద్ద లాభం లేదు, మాత్రలే గతి. స్కాను ఉంటే సున్నం ఎంతుందో కొలిచి చెప్పేదాన్ని. నీ దగ్గర అది లేదు."

"మరి ఇక్కడ తేల్చేదెట్ల?"

"డోబుటమిన్ అనే మందు ఎక్కించి, కాసేపు గుండెను బలంగా కొట్టించి, మళ్లీ కొలవాలి. కానీ అలాంటి గుండె మధ్యలో లయ తప్పితే... నువ్వు ఒక్కదానివే ఉన్నావు, ఆలోచించుకో."

వెంటనే వాళ్లింటికి వెళ్లి ఏదీ దాచకుండా చెప్పాను. పోశానికి ఫ్యాన్లు, గ్యాలరీల్లోకి గాలి వదిలే తలుపుల భాషలో చెబితే తేలికని, "గాలి తలుపు దగ్గర గాలి సన్నగా వస్తాందనుకో. తలుపు బిగుసుకుపోయిందా, ఫ్యానే నీరసపడ్డదా, ఎట్ల తెలుస్తది?" అని అడిగాను.

"ఫ్యాన్ స్పీడు పెంచి చూస్తం."

"ఈ పరీక్ష కూడ గదే."

"తలుపే చెడ్డదని తేలితె?" అంది సారక్క.

"ఎరుపు రాస్త. బండి వస్తది."

"జాగ పోతది." ఆమె గొంతులో కోపం లేదు. "నేను పోతె పోయిన. ఈ మనిషిని వచ్చే యేడు రోహిణి ఎండల పైన పడేసి పొమ్మంటవా? వద్దు బిడ్డా. గా పసుపే ఉండని."

కృత్తిక కార్తె, మొదటి వారం

గని పెద్ద లక్ష్మీరాజం సారు దగ్గరికి వెళ్లి, పసుపు వచ్చిన మనిషికి ఈ ఒక్కసారి బండి పిలిపించమని అడిగాను. పేరు చెప్పలేదు.

"నేను పిలుస్తె రాదమ్మా. ఆస్పత్రోళ్ల మిషను ముందుగాల రంగే అడుగుతది. నువ్వు పరీక్ష చేసి, కొలతలు చూపిచ్చి ఎరుపని రాస్తె వస్తది. అప్పుడు మన రూలు మనకుంటది."

"ఆ రూలు వల్లనే మనుషులు రోగం దాచుకుంటున్నరు సార్."

పక్క బెంచీ మీద కూర్చుని ఉన్న కొమురమ్మ నా వైపు తిరిగింది. ఈ నియమం కావాలని పట్టుబట్టింది ఆమే.

"డాక్టరమ్మా, నువ్వు ఈ యేడు వచ్చినవ్. నిరుడు రోహిణిల మా ఇంటాయన బొగ్గు మోసే పాత టబ్బుల దారిల నడుస్తనడుస్త పడ్డడు. గుండె అన్నరు. పైన డాంబరు కరిగి బండి రాలేదు. పీనుగును గాలి తలుపు అవతల పెట్టుకోని మూడు దినాలు కూసున్న. గాలి అటుకెల్లి ఇటు మళ్లినప్పుడల్ల పిలగాండ్లు ముక్కులు మూసుకున్నరు. మూసుకోకుండ ఏంజేస్తరు? గుండె రోగమున్నోళ్లు దిగద్దు. అసొంటి దినం మల్ల ఎవలకు రావద్దు."

ఆమె చెప్పిందాంట్లో అబద్ధమేమీ లేదు.

కృత్తిక కార్తె, రెండో వారం

పొద్దున మాత్రలు సర్దుతుంటే పోశం పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఆయన చేతుల నిండా మట్టి ఉంది.

"పడ్డది డాక్టరమ్మా. నీళ్ల డబ్బా లేపవోయి పడ్డది."

నేను వెళ్లేసరికి సారక్క తోటమడుల మధ్య వెల్లకిలా పడి ఉంది. నాడి దారపు పోగులా ఉంది. కాళ్లు కొంచెం ఎత్తి పట్టుకున్నాం. కళ్లు తెరవగానే ఆమె మొదట అడిగింది, "కొమురమ్మ చూసిందా?" అని.

బరువు పని చేస్తూ స్పృహ తప్పడం ఈ జబ్బులో చివరి హెచ్చరికల్లో ఒకటి. ఆ మాట ఇద్దరికీ చెప్పాను. పోశం అక్కడే, తడి నేల మీద చతికిలపడ్డాడు.

"రాయుండ్రి డాక్టరమ్మా. పరీక్ష, గిరీక్ష ఏదన్న చెయ్యుండ్రి. మనిషి ఉంటె గద జాగ."

"నువ్వు నోరు ముయ్యి."

"ముయ్య. రెండు నెలల సంది మూసిన. నీ ఈపు నిమిరినప్పుడల్ల ఇదే ఆఖరి రాత్రా అనుకున్న. ఇగ నాతోని కాదు సారక్కా."

ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఆయన ఆమె మాటకు ఎదురు చెప్పడం ఇదే మొదటిసారట. సారక్క ఆయన చేతుల మట్టి తన కొంగుతో తుడిచింది. ఆ తర్వాత నాతో అంది: "తలుపే చెడ్డదని తేలితెనే రాయి. తేలకుంటె ఈ ముచ్చట ఈడనే బొంద పెట్టాలె. సరేనా?"

సరేనన్నాను.

కృత్తిక కార్తె, చివరి రోజులు

పరీక్ష ఈ రోజు చేశాను. షాక్ యంత్రం పక్కన పెట్టుకుని, నర్సు జ్యోత్స్నను నాడి దగ్గర నిలబెట్టాను. ఫర్హానా లైన్లో ఉంది. పోశాన్ని బయట ఉండమంటే ఉండనన్నాడు.

అన్నిటికన్నా తక్కువ డోసుతో మొదలుపెట్టాను. కొన్ని నిమిషాలకు గుండె కొంచెం ఊపందుకుంది. ఒత్తిడి తేడా ఇరవై నాలుగు నుంచి ముప్పై ఒకటికి చేరింది. వాల్వు తెరుచుకునే సందు మాత్రం ఎంత ఉందో అంతే ఉంది.

"పెంచు," అంది ఫర్హానా.

పెంచాను. సారక్క నుదుటి మీద చెమట పట్టింది. "గుండె నోట్లకు వస్తాంది," అంది. తేడా ముప్పై ఎనిమిది. తెర కింద మూలలో దీపం ఇంకా పసుపే. సందు అంతే ఉంది. నాకు అర్థమైంది, ఫర్హానాకూ అర్థమైంది. కానీ బండి పంపే యంత్రానికి అర్థం కావాలంటే నలభై దాటాలి.

అప్పుడే తెర మీద లయ చెదిరింది. ఒక అడ్డగోలు దెబ్బ. కాస్త ఆగి వరసగా మూడు. జ్యోత్స్న నా వైపు చూసింది. షాక్ పలకల మీదికి నా చెయ్యి పోయింది. లయ దానంతట అదే దారిలో పడింది.

"ఇక్కడితో ఆపేసినా తప్పు లేదు," అంది ఫర్హానా. "నిర్ణయం నీదే."

ఆపితే ఇదంతా వృథా. ఇంకో మెట్టు ఎక్కితే ఈ బల్ల మీదే ఆమె ప్రాణం పోవచ్చు. నిర్ణయం నాది అనడం నాకు న్యాయంగా తోచలేదు. కొట్టుకుంటున్నది ఆమె గుండె.

"సారక్కా, ఇంకొక్కసారి పెంచితే తేలుతది. కానీ భయమున్నది. ఆపుదామా?"

ఆమె పోశం వైపు చూసింది. ఆయన ఆమె కాలివేళ్లు పట్టుకుని నిలబడ్డాడు.

"తేల్చు," అంది సారక్క.

పెంచాను. మరో అడ్డగోలు దెబ్బ పడింది. ఇంకొకటి. తేడా నలభై ఒకటి, నలభై నాలుగు, నలభై ఆరు. సందు వెంట్రుకవాసి కూడా పెరగలేదు. గుండె ఉన్న బలమంతా పెట్టి నెట్టినా తలుపు కదల్లేదు. దీపం ఎర్రగా మారింది.

"ఆపెయ్, ఆపెయ్!" ఫర్హానా అరుస్తోంది. అప్పటికే మందు ఆపేశాను. లయ కుదుటపడేదాకా ఎవరమూ కదల్లేదు.

"తలుపేనా?" అంది సారక్క.

"తలుపే. నీ గుండెలో ఇంకా సత్తువున్నది. అడిగితే నెడుతది. తలుపు మారిస్తే కోలుకుంటది."

ఆమె కళ్లు మూసుకుంది. కంటి కొసల్లోంచి నీళ్లు చెవుల్లోకి జారాయి. అది సంతోషమో, జాగా పోయిన దుఃఖమో నేను అడగలేదు.

రోహిణి కార్తె, మొదటి వారం

రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు. మా దారిలో డాంబరు కరిగింది.

తెల్లవారకముందే బండి గని మూతికి వచ్చింది. అది దానంతట అదే నడిచే బండి, డ్రైవరు ఉండడు. సారక్కను కూర్చోబెట్టి బెల్టులు కట్టాను. పోశం, నేను చెరో పక్క కూర్చున్నాం. సూర్యుడు రాకముందే పట్నం చేరాలి. సగం దూరంలో, వంతెన ముందు బండి ఆగిపోయింది. నిన్నటి ఎండకు అవతలి రోడ్డు మెత్తబడే ఉందని, చుట్టుదారిలో వెళ్తున్నానని చెప్పింది. చుట్టుదారి అంటే సూర్యుడు నెత్తి మీదికి రావడమే.

కాసేపటికి ఎండ బండి గోడలకు తగిలింది. చల్లబరిచే ఇంజను తిప్పలు పడుతూ మూలగడం మొదలుపెట్టింది. లోపల ముప్పై ఎనిమిది, నలభై. సారక్క రొప్పుతోంది. పెదవులు నల్లబడ్డాయి. వీపుకు స్టెతస్కోపు పెడితే ఊపిరితిత్తుల అడుగున నీళ్లు బుడబుడలాడుతున్నాయి.

బండిలోని వైద్యపెట్టె గొంతు విప్పింది: "రోగికి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. నాలుక కింద మాత్ర పెట్టండి." పెట్టె అర తెరుచుకుంది. అందులో తెల్ల మాత్ర.

పోశం ఆ మాత్ర తీసి నా చేతిలో పెట్టాడు. "పెట్టుండ్రి డాక్టరమ్మా!"

"ఇది పెట్టద్దు."

"ఊపిరి పోతాంది గదా!"

"ఇది రక్తనాళాలను వదులు చేస్తది పోశం. ఎవలకైనా మంచిదే. కానీ ఈమెకు తలుపు మూసుకున్నది. నాళాలు వదులైతే బీపీ పడిపోతది. పడ్డ బీపీని లేపేంత రక్తం ఆ తలుపులోంచి రాదు."

"మాత్ర పెట్టండి," అంది పెట్టె మళ్లీ. మళ్లీ మళ్లీ అంది. దాని నోరు మూయించే మీట ఎక్కడుందో నాకు తెలియలేదు. బీపీ చూస్తే ఎనభై రెండు. కొన్ని రోజుల కింద ఆ పరీక్ష చేయకపోయి ఉంటే, పసుపు దీపాన్నే నమ్మి ఉంటే, ఏదో ఒక రాత్రి గనిలో నా చేత్తోనే ఇలాంటి మాత్ర పెట్టేదాన్ని.

ఆక్సిజన్ మాస్కు బిగించాను. నీరు లాగే మందు చాలా కొంచెం ఇచ్చాను. పరీక్షలో వాడిన డోబుటమిన్‌నే అన్నిటికన్నా సన్నని ధారగా ఎక్కించాను. అప్పుడు గుండెను పరీక్షించిన మందు ఇప్పుడు దానికి ఆసరా కావాలి. పోశం తన తువ్వాలు మంచినీళ్లలో తడిపి ఆమె మెడకు చుట్టాడు.

"సారక్కా, నన్ను చూడు. నన్నే చూడు," అంటున్నాడు. "పాలకూర ఎవలు కోస్తరే? నాకు కట్టలు కట్టరాదు. నువ్వే అంటవు గద, నా కట్టలు ఊడిపోతయని."

ఆమె మాస్కులోంచి ఏదో అంది. వంగి విన్నాను.

"తాడు... రెండు సుట్లు సుట్టాలె."

పోశం ఏడుస్తూ నవ్వాడు. బీపీ ఎనభై ఎనిమిది. తొంభై. చుట్టుదారి దాటి మళ్లీ పట్నం రోడ్డు ఎక్కేసరికి బుడబుడ కొంచెం తగ్గింది. ఆస్పత్రి నీడ బండి మీద పడ్డాక గానీ నేను వాచీ చూసుకోలేదు.

రోహిణి కార్తె, మర్నాడు

వాల్వు వేశారు. తొడలోంచి సన్నని గొట్టం, దాని కొసన ముడిచిన వాల్వు. పాత తలుపును పక్కకు నెట్టి అది విచ్చుకోవడం తెర మీద నేనూ చూశాను. ఒత్తిడి తేడా ఆరుకు పడిపోయింది.

"గుండె కండ కోలుకోవడానికి నెలలు పడుతుంది," అంది ఫర్హానా. "కోలుకుంటుందనే నా నమ్మకం." తెర ఆపేస్తూ, "నీ గదిలో ఆ చివరి మెట్టు... నేనైతే ఎక్కేదాన్నో లేదో," అంది.

పోశాన్ని అక్కడే వదిలి, నేను తిరుగు బండిలో గనికి వచ్చాను.

రోహిణి కార్తె, రెండో వారం

ఈ సాయంత్రం వంటశాలలో కమిటీ కూర్చుంది. కూర్చునే చోటు లేక జనం దారిలో నిలబడ్డారు. సారక్క, పోశంల జాగా తీసేయాలని నియమం. వైద్యం చేయించుకున్నవాళ్లకు మళ్లీ పరీక్ష చేసి, ఆ రంగును బట్టే తేల్చాలని నేను అడిగాను.

"మల్ల కింద ఏమన్న అయితె?" అంది కొమురమ్మ. "పూచీ నీదా?"

"పూచీ ఎవరికీ ఇవ్వలేను. పచ్చ వచ్చినవాళ్లకూ ఇవ్వలేను."

లక్ష్మీరాజం సారు పట్నం లైను కలిపించాడు. సారక్క మాట్లాడతానందని ఫర్హానా ముందే కబురు పెట్టింది. గోడ మీది స్పీకర్లోంచి సారక్క గొంతు వచ్చింది. ఎక్కడా ఆగకుండా వచ్చింది.

"అందరికీ దండాలు. జాగ ఇయ్యుండ్రని అడగతందుకు మాట్లాడుతలేను. ఇస్తె ఇయ్యుండ్రి, లేకుంటె లేదు. ఒక్క ముచ్చట చెప్త. పైన గంత ఎండ ఉన్నది గద, దానికి నేను భయపడలే. మీకు భయపడ్డ. కూరకు వచ్చిన ప్రతోళ్లకు భయపడ్డ. దమ్ము అందక సస్తాన్న గాని, నవ్వుకుంట నిలవడ్డ. కొమురమ్మా, నీ బాధ నాకెరుకే. మీ ఇంటాయన ఓదెలన్న పోయినప్పుడు నీ పక్కనే కూసున్న. గాని ఓదెలన్న గూడ ఎవలకూ చెప్పక పోయిండేమో. చెప్పే జాగ లేకనే పోయిండేమో."

లైనులో గరగర మిగిలింది.

లక్ష్మీరాజం సారు గొంతు సవరించుకున్నాడు. "సరే. రూలు ఇట్లనే ఉండాలె అన్నోళ్లు చేతులెత్తుండ్రి."

అందరూ కొమురమ్మనే చూశారు. ఆమె చెయ్యి ఎత్తలేదు. లేచి నిలబడింది. వంటశాల వెనక గదిలోకి వెళ్లింది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె పక్కన పందొమ్మిదేళ్ల కూతురు స్రవంతి ఉంది. ఆ పిల్ల బుగ్గలు వింత ఎరుపుగా, పెదవులు వెలిసిపోయి ఉన్నాయి. ఆ నాలుగడుగులకే తల్లి భుజం పట్టుకుంది.

"డాక్టరమ్మా," అంది కొమురమ్మ. ఆమె గొంతు అందరికీ వినిపించింది. "నా బిడ్డకు చూడు. ఉగాది సంది కూసోనే నిద్రవోతాంది. బెల్టు దినం వచ్చినప్పుడల్ల కడుపునొప్పని నేనే పంపలే. నేనే దాచిన."

అక్కడే, వంట బల్ల మీద కూర్చోబెట్టాను. ఎడమ పక్కకు ఒరగమని, స్టెతస్కోపు పెట్టి ఊపిరి బిగబట్టి విన్నాను. చాలా కిందిస్థాయిలో, దూరాన ఉరుమినట్టు చప్పుడు. చిన్నప్పుడు కీళ్లు వాచి జ్వరం వచ్చిందా అని అడిగితే తల్లి తల ఊపింది. జ్యోత్స్న నా గది నుంచి తెచ్చిన బెల్టు చుట్టాను. పై గదికీ కింది గదికీ మధ్య వాల్వు అంచులు అతుక్కుపోయి, సన్నని చీలిక మాత్రమే మిగిలింది. కింది గది బలంగానే ఉంది. ఇంకా ఆలస్యం కాలేదు. చిన్న బుడగను పంపి ఆ చీలికను విడదీయవచ్చు.

అందరి ముందూ దీపం ఎర్రగా వెలిగింది. స్రవంతి ఆ వెలుగు చూసి తల్లి కొంగు గట్టిగా పట్టుకుంది. కొమురమ్మ దీపాన్ని చూడలేదు. లక్ష్మీరాజం సారునే చూస్తోంది. ఆయన ఏం రాస్తే అది భరించడానికి నిలబడ్డట్టు నిలబడింది.

ఆయన చేతులు లెక్కపెట్టలేదు. తీర్మానం సంగతి ఎత్తలేదు. బండికి కబురు పెట్టమని మనిషిని పంపి, బల్ల దగ్గరికి వచ్చి పిల్ల తల మీద చెయ్యి వేశాడు.

"మీ జాగ ఏడికీ పోదు కొమురమ్మా," అన్నాడు. "సారక్కది గూడ ఏడికీ పోదు. పొద్దున్నే పిల్లను తీస్కపో."